‘ఆతిథేయి’ అనొచ్చా?

ప్రశ్న: ఒక ఆరోగ్య వ్యాసం తెలుగులోకి తెస్తూ ‘హోస్ట్ డిఫెన్స్ పెప్టైడ్లు’ (క్రిముల నుంచి కాపాడుకోవడానికి ఒళ్లే తయారుచేసుకునే పొట్టి అమైనో ఆమ్లాల గొలుసులు) దగ్గర ఆగిపోయాను. ‘ఆతిథేయి రక్షణ పెప్టైడ్లు’ అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. క్రిమి చుట్టమై వస్తే ఇంటివాడు కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టుంది. పోనీ ‘సూక్ష్మజీవ నాశక పెప్టైడ్లు’ అంటే?

జవాబు: నవ్వొచ్చినా, పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన మాటేనండీ అది. పరాన్నజీవి పక్కన ఆతిథేయి చక్కగా కుదురుతుంది: ఒకరు తినేవారు, ఒకరు పెట్టేవారు. ఇక్కడ పెట్టడం లేదు, తరమడమే. నేనైతే ‘దేహరక్షక పెప్టైడ్లు’ అంటాను.

‘నాశక’ మాత్రం వద్దు. మన ఒంట్లో ఎల్ఎల్-37 అని ఒకటుంది. ఎల్ అంటే లూసిన్ అనే అమైనో ఆమ్లానికి గుర్తు. గొలుసు మొదట్లో రెండు లూసిన్లు, మొత్తం 37 అమైనో ఆమ్లాలు, అదీ పేరు కథ. దానిది ధనావేశం. బాక్టీరియా పైపొర మీద ఋణావేశం ఎక్కువ కాబట్టి వెళ్లి అతుక్కుని, ఆ పొరను ఛిద్రం చేస్తుంది. మన కణాల వెలుపలి పొర చాలావరకు తటస్థం, పైగా అందులో కొలెస్టరాల్ ఉంటుంది. అంత తేలిగ్గా లొంగదు. ఇంతవరకు నాశకమే. కానీ అదే పెప్టైడ్ తెల్లకణాలను గాయం దగ్గరికి పిలుస్తుంది, బాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని పట్టేసి వాపు రేగకుండా చూస్తుంది. ఇవేవీ ‘నాశక’లో ఇమడవు. ఇంగ్లిష్‌లోనూ ‘యాంటీమైక్రోబియల్’ చాలకే ‘డిఫెన్స్’ వచ్చింది.

ప్రశ్న: మరి యాంటీవైరల్? ‘వైరస్‌ను చంపే’ అని రాసేశాను.

జవాబు: వైరస్ సొంతంగా బతికేదే కాదు, చంపడమేంటండీ! ఫ్లూ వైరస్‌లాంటి వాటికి కొవ్వు పొర తొడుగు ఉంటుంది. ఈ పెప్టైడ్లు దాన్ని చెడగొడతాయి, లేదా వైరస్ కణంలోకి దూరకుండా అడ్డుపడతాయి. ‘వైరస్‌ను దెబ్బతీసే’ అనండి చాలు.

ఇంకొకరు: రెంటికీ ‘నిరోధక’ అంటే పోలా?

జవాబు: అక్కడే చిక్కు. మనకుండేదీ రోగనిరోధకతే, మందుకు లొంగని బాక్టీరియాకు ఉండేదీ నిరోధకతే. ‘యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్’ రాయాల్సి వస్తే ‘సూక్ష్మజీవ నిరోధక నిరోధకత’ అవుతుంది. ఒకసారి పైకి చదివి చూడండి.

ప్రశ్న: చదివాను, నాలుక మడత పడింది. ‘దేహరక్షక’ ఖాయం. పెప్టైడ్‌ను మాత్రం పెప్టైడ్‌గానే వదిలేస్తున్నా.