బీ450 బోర్డు, రైజెన్ 2600, 1050 టీఐ: ముప్పై వేలలో ముందు ఏది మార్చాలి?

కృష్ణాతీరం_21:
ఇప్పుడున్నవి: రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 1050 టీఐ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, పేరులేని 450 వాట్ల పవర్ సప్లై, 1080పీ మానిటర్. వాలరెంట్‌లో ఫ్రేములు ఉన్నట్టుండి పడిపోతున్నాయి. సైబర్‌పంక్ 2077 గేమ్ అయితే గ్రాఫిక్స్ సెట్టింగ్స్ తక్కువలో పెట్టినా కష్టంగా నడుస్తోంది. బోర్డు కూడా మార్చాలా అన్నా?

పార్క్‌లేన్_రిగ్:
బోర్డు జోలికి వెళ్లొద్దు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 కాబట్టి అందులోనే రైజెన్ 5 5600 కూర్చుంటుంది. కొనేముందు ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వాడకం చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి ఆడి చూడు. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 95 శాతం పైన నిలిస్తే కార్డు శక్తి అంతే. 60, 70 దగ్గర ఊగుతుంటే ఆపుతున్నది ప్రాసెసర్ లేదా ర్యామ్. ఇంకో పరీక్ష: రిజల్యూషన్ 720పీకి దించు. ఫ్రేములు పెరగలేదంటే ఆ గేమ్‌కి కొత్త కార్డు కొన్నా ఉపయోగం ఉండదు. నీ రెండు గేముల్లో రెండు వేర్వేరు కారణాలు కనిపించే అవకాశమే ఎక్కువ.

ర్యామ్_రాజ్యం:
వాలరెంట్ సంగతికి మొదటి అనుమానం ఆ ఒంటి స్టిక్ మీదే. ఒక్క స్టిక్ ఉంటే, అంటే సింగిల్ ఛానెల్‌లో, మెమరీ బ్యాండ్‌విడ్త్ సగమే అందుతుంది, రైజెన్‌కి ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. 8+8 డీడీఆర్4 3200 సీఎల్16 కిట్ తీసుకో. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. తర్వాత బయోస్‌లో (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయాలి, లేకపోతే 3200 స్టిక్ కూడా 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది. 2600 అధికారికంగా 2933 వరకే. 3200లో హ్యాంగ్ అయితే 2933కి దించు, తేడా పెద్దగా తెలియదు.

కరెంటు_లెక్క:
అందరూ కార్డు గురించి అడుగుతారు, పవర్ సప్లై లేబుల్ మాత్రం చూడరు. దయచేసి చూడండి. 12 వోల్టుల లైన్ ఎన్ని ఆంపియర్లో దాన్ని 12తో గుణించండి. 18 ఆంపియర్లంటే 216 వాట్లే, పైన 450 అని రాసినా సరే. మంచి 450 వాట్ల యూనిట్‌లో అదే 36, 37 ఆంపియర్లు ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 132 వాట్లు, దానికి 8 పిన్ కేబుల్ కావాలి. మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల కనెక్టర్) నుంచి 8 పిన్‌కి మార్చే అడాప్టర్లు వాడొద్దు, కనెక్టర్ కరిగే ప్రమాదం ఉంది. గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందంటే మొదట అనుమానించాల్సింది పవర్ సప్లైనే.

కృష్ణాతీరం_21:
లేబుల్ మీద 12 వోల్టులకి 20 ఆంపియర్లే ఉంది. పవర్ సప్లై మార్చకుండా ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ పెట్టొచ్చా?

కరెంటు_లెక్క:
పెట్టొచ్చు, అది 70 వాట్లే, స్లాట్ నుంచే తీసుకుంటుంది. కానీ 6600 దానికంటే చాలా వేగం, మెమరీ కూడా 8 జీబీ. పేరులేని యూనిట్ ఎలాగూ తీసేయాల్సిందే కాబట్టి 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్న మంచి 550 వాట్ల పవర్ సప్లై తీసుకుని 6600 పెట్టుకోవడమే మేలు. పవర్ సప్లైలో అదనపు కేబుల్ లేని ఆఫీసు డెల్ కంప్యూటర్ ఉన్నవాళ్లకైతే 3050 6 జీబీ సరైన కార్డు.

పార్క్‌లేన్_రిగ్:
నా వరస: ర్యామ్, పవర్ సప్లై, కార్డు. డబ్బు మిగిలితేనే 5600 ప్రాసెసర్. దాని బదులు 5500 అంటగడతారు, ఒప్పుకోవద్దు. 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 32 ఎంబీ, 5500లో 16 మాత్రమే. 5600 పెట్టే ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యి: ఫ్యాట్32 పెన్‌డ్రైవ్, బోర్డు రివిజన్ నంబరు సరిచూసుకున్న ఫైలు, కరెంటు పోకుండా యూపీఎస్. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకో, ప్రాసెసర్ మారితే దానిలోని భద్రతా భాగం ఎఫ్‌టీపీఎం కూడా మారి విండోస్ ఆ కీ అడుగుతుంది. కూలర్ తీసేముందు పది నిమిషాలు గేమ్ నడిపి, షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, వేడి ఆరకముందే మెల్లగా తిప్పుతూ లాగు. చల్లబడి గట్టిపడిన పేస్టుతో ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

ర్యామ్_రాజ్యం:
సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ 6600 చూస్తే జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిపించు, నకిలీ కార్డయితే చాలాసార్లు ఫేక్ అని చూపిస్తుంది. కార్డుని పూర్తి భారంతో పరీక్షించే ఫర్‌మార్క్ పావుగంట నడపమను. హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కే చోటు) వేడి మామూలు జీపీయూ వేడి కంటే 25, 30 డిగ్రీలు ఎక్కువుంటే పేస్టు ఎండిపోయినట్టే, ధర తగ్గించమని అడుగు. బిల్లు మీద సీరియల్ నంబరు, కార్డు మీద నంబరు ఒకటేనా చూసుకో. ఇంటికి తెచ్చాక సేఫ్ మోడ్‌లో డీడీయూతో (డ్రైవర్లు పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్) పాత ఎన్విడియా డ్రైవర్లు తీసెయ్యి. మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టు. 2600, 5600 రెండింట్లోనూ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేవు, బోర్డుకి పెడితే తెర వెలగదు.