వంటింటి ఐలాండ్ (మధ్యలో విడిగా నిలబడే గట్టు) సొరుగులు: సమానంగా మూడు వేయించాలా, వేరువేరు ఎత్తుల్లో వేయించాలా?

సర్జాపూర్_వంటిల్లు:
బెంగళూరులో, సర్జాపూర్ రోడ్డు వైపు ఫ్లాట్. వంటిల్లు 12 అడుగుల లోతు, చివర గోడ లేదు, నేరుగా డైనింగ్‌లోకి కలుస్తుంది. పొయ్యి, సింకు గోడవైపు గట్టు మీదే ఉంటాయి. ఎదురుగా 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఐలాండ్ వేయిస్తున్నాం. గట్టుకీ దానికీ మధ్య 3 అడుగుల నడవ. డిజైనర్ ఇచ్చిన బొమ్మలో 600 మి.మీ. బాక్సులు మూడు, ఒక్కోదాంట్లో సమాన ఎత్తులో మూడేసి సొరుగులు, డైనింగ్ వైపు 300 లోతు అరలు ఉన్నాయి. కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, పప్పుల డబ్బాలు, పోపుల డబ్బా, కంచాలు అన్నీ ఇందులోనే సర్దాలి. ఈ లెక్క సరేనా? చానల్ (సొరుగు జారే పట్టా) ఏది తీసుకోవాలి? మిక్సీకి ప్లగ్ పాయింటు కూడా కావాలి. వచ్చే వారం ప్లై కటింగ్, ఈలోపు చెప్పండి.

ప్లైవుడ్_లెక్కలు:
కటింగ్ ఆపించండి. బొమ్మ చూడ్డానికి బాగుంటుంది, సర్దడానికి పనికిరాదు.

ముందు ఎత్తు చూద్దాం, కొలతలన్నీ మి.మీ.లో. కింద కాళ్లు 100, బాక్సు 720, పైన ప్లై 18, గ్రానైట్ 20, మొత్తం 858. అంటే దాదాపు 34 అంగుళాలు, మన వాళ్లకి చపాతీ ఒత్తడానికి సరిపోతుంది. 720ని మూడు సమాన భాగాలు చేస్తే, మధ్య సందులు పోను ఒక్కో సొరుగు ముఖం (ముందు పలక) 237. చానల్, అడుగు ప్లై, పై సొరుగుకి వదిలే ఖాళీ తీసేస్తే లోపల మిగిలేది 180, మహా అయితే 190. గరిటెలూ చెంచాలూ పెట్టే సొరుగులో అందులో సగం గాలే. అదే కుక్కరు పెట్టబోతే విజిల్ తగులుతుంది. మీ కుక్కర్లని మూతా విజిలూ పెట్టి, ఇడ్లీ పాత్రని మూతతో, పోపుల డబ్బాని నిలువుగానూ అడ్డంగానూ కొలిచి కాగితం మీద రాసుకోండి. సొరుగు కొలత అక్కడి నుంచి రావాలి.

మీ సామానుకి ఇలా విడగొట్టమంటాను. మూడు 600ల బదులు ఒక 900, రెండు 450లు. మొత్తం అదే 1800. కింది అంకెలు పైనుంచి కిందికి సొరుగు ముఖాల ఎత్తులు.

900 బాక్సు: 140, 285, 286. పైన గరిటెలు, అట్లకాడలు, చెంచాలు. మధ్యలో కంచాలు, గిన్నెలు. అడుగున కుక్కర్లు, మూకుళ్లు.
పప్పుల 450: 140, 190, 381. పైన పోపుల డబ్బా, మధ్యలో లీటరు డబ్బాలు, అడుగున ఇడ్లీ పాత్ర, నూనె క్యాన్లు. ఒకటి మాత్రం చూసుకోండి, పోపుల డబ్బా మూతతో కలిపి 90 దాటితే 140 సొరుగులో ఇరుక్కుంటుంది.
రెండో 450: 140, 285, 286.

పై సొరుగు గీత అన్నిటికీ 140 దగ్గరే కలుస్తుంది కాబట్టి పప్పుల బాక్సులో కింది గీత తేడాగా ఉన్నా కంటికి పెద్దగా ఆనదు. హ్యాండిల్ బదులు గాడి ప్రొఫైల్ (వేళ్లు దూర్చి లాగే లోహపు పట్టీ) వేస్తామంటే మాత్రం ఈ లెక్కంతా మళ్లీ మొదలు. ఒక్కో ప్రొఫైల్ ఆరేడు సెంటీమీటర్ల ఎత్తు తినేస్తుంది. ఉక్కు సామాను ఇంత ఉన్న ఇంటికి మామూలు హ్యాండిలే మేలు.

ఇక వెడల్పు. సొరుగు బాక్సు 560, వెనక అరలు 300, రెండువైపులా ముఖాలు 18 చొప్పున 36, గ్రానైట్ అంచు బయటికి 15 చొప్పున 30. మొత్తం 926. మీ 3 అడుగులంటే 914. రాయి కోసి తెచ్చాక 12 మి.మీ. తక్కువైందని తేలుతుంది! వెనక అరల్ని 280కి తగ్గించండి, 906 వస్తుంది.

నడవ 3 అడుగులు చాలదు. 500 లోతు సొరుగు పూర్తిగా లాగితే మిగిలేది 415. దాని ముందు నిలబడి వంగి కుక్కరు తీయలేరు, పక్కకి జరిగి ఒంటిచేత్తో లాగాలి. ఐలాండ్‌ని డైనింగ్ వైపు అర అడుగు జరిపి నడవ 1070 చేయండి. గట్టు 600, నడవ 1070, ఐలాండ్ 906 కలిపితే 2576. మీ 12 అడుగులు 3657, కాబట్టి అవతల ఇంకా 1080 ఉంటుంది.

చానల్_బరువు:
పై కొలతలతో నాకు పేచీ లేదు, బరువు సంగతి చెబుతాను. చాలామంది చానల్ పొడవు చూసి కొంటారు, బరువు చూడరు.

పప్పులు 450లో పెట్టమనడం మంచిదే. అవే 900లో పెడితే ఏమవుతుందో చూడండి. పక్క ప్లైలు, చానల్ సందులు పోను లోపల 814 వెడల్పు, 470 లోతు. 110 మి.మీ. వ్యాసం ఉన్న లీటరు డబ్బాలు అడ్డంగా 7, నిలువుగా 4, మొత్తం 28 పడతాయి. ఒక్కోదాంట్లో కందిపప్పో మినప్పప్పో దాదాపు 850 గ్రాములు, డబ్బా బరువు ఇంకో 150. అంటే 28 కిలోలు, దానికి సొరుగు బరువు అదనం. 30 కిలోల సాఫ్ట్ క్లోజ్ (చివర్లో నెమ్మదిగా దానంతటదే మూసుకునే) చానల్ మొదటిరోజు నుంచే అంచు మీద ఉంటుంది. ఆరు నెలలకి ముఖం కిందికి వాలి పక్క సొరుగుకి రాసుకుంటుంది, సాఫ్ట్ క్లోజ్ చివరి రెండు అంగుళాల దగ్గర ఆగిపోతుంది.

అందుకని 900 బాక్సులో కింది రెండు సొరుగులకీ 50 కిలోలో ఆపైనో మోసే అండర్‌మౌంట్ (సొరుగు అడుగున బిగించే) చానల్ అడగండి. పై సొరుగుకి, 450లకి 30 చాలు. బడ్జెట్ బిగుతుగా ఉంటే 450లకి పక్కన బిగించే బాల్‌బేరింగ్ టెలిస్కోపిక్ వేయించుకోవచ్చు, దాంట్లో తప్పేం లేదు. హెట్టిక్, ఎబ్కో, బ్లమ్ ఏదైనా సరే, మోసే బరువు ఎంతని పెట్టె మీద ఉందో చదివి కొనండి. ఎస్‌జేపీ రోడ్డు దుకాణాల్లో విడిగా చానల్స్ దొరుకుతాయి.

సొరుగు అడుగుకి 6 మి.మీ. ప్లై వేస్తామంటే ఒప్పుకోకండి. 900లో అది బొజ్జలా దిగుతుంది. 12 వేయించండి. బాక్సులకి ఐఎస్ 710 (తేమని తట్టుకునే మెరైన్ ప్లై ప్రమాణం) ముద్ర ఉన్న 18 మి.మీ. ప్లై.

బాక్సు నోటి దగ్గర 864 వెడల్పు ఉంటే వెనక కూడా 864 ఉండాలి. వెనక రెండు మూడు మి.మీ. తగ్గినా సొరుగు సగం దాటాక బిగుస్తుంది. వడ్రంగి చానల్‌కి గ్రీజు రాసి సర్దేస్తాడు, నెల తిరక్కుండా మళ్లీ అదే. మూలనుంచి మూలకి రెండు కర్ణాలూ టేపు పెట్టి కొలవండి, సమానం రాకపోతే చానల్ బిగించనివ్వొద్దు.

ఇంకోటి, గ్రానైట్ కోత, పాలిష్ జరిగేటప్పుడు సొరుగులు బాక్సులో ఉండకూడదు. రాతిపొడి బేరింగుల్లోకి దిగితే కొత్త చానల్ కూడా గరగరమంటుంది.

కరెంటు_గీత:
ప్లగ్ గురించి. మిక్సీ 750 వాట్లంటే మూడున్నర ఆంపియర్ల లోపే, 6 ఆంపియర్ల సాకెట్ చాలు. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఇండక్షన్ పొయ్యి అక్కడికి చేరుతుంది, 2000 వాట్లకి దాదాపు 9 ఆంపియర్లు. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, ఎర్త్‌తో వేయించండి.

సాకెట్‌ని సొరుగుల వైపు పెట్టకండి, దాని వెనక డబ్బా సొరుగుకి అడ్డం. ఐలాండ్ పక్క ప్యానెల్‌కి, వెనక అరలు ఉన్న భాగంలో పెట్టిస్తే ఆ గొడవ ఉండదు.

నేల సంగతి జాగ్రత్త. టైల్స్ ఇంకా వేయకపోతే కరెంటు తీగ పైపు స్లాబు పైన, టైల్ కింది సిమెంటు పొరలో వెళ్లాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కొన్నిటివి పోస్ట్ టెన్షన్ స్లాబులు. లోపల బిగించి లాగిన ఉక్కు తీగలుంటాయి, వాటిని డ్రిల్ తాకితే ప్రమాదం. స్లాబు ఏ రకమో బిల్డర్ దగ్గర డ్రాయింగ్ అడిగి తెలుసుకోకుండా ఎవరినీ గాడి కొట్టనివ్వొద్దు.

సర్జాపూర్_వంటిల్లు:
అందరికీ థాంక్సండీ. టైల్స్ ఇంకా వేయలేదు, బతికాం. రెండు సందేహాలు. 26 కిలోల బియ్యం బస్తా అడుగు సొరుగులో పెట్టొచ్చా? గోడ లేకుండా నిలబడేది కదా, సొరుగులన్నీ ఒకేసారి లాగితే ఐలాండ్ ముందుకి ఒరగదా?

ప్లైవుడ్_లెక్కలు:
బియ్యం సొరుగులో వద్దు. 50 కిలోల చానల్ బరువు మోస్తుంది గానీ, గింజలు పక్క సందుల్లోంచి జారి సొరుగు వెనక చేరతాయి, పురుగు అక్కడే మొదలవుతుంది. వెనక అరల్లో ఒక చివర 350 వెడల్పున అడుగు అర తీసేసి, చక్రాల పీట మీద డ్రమ్ము పెట్టుకోండి. డ్రమ్ము వ్యాసం 250 దాటకూడదు.

ఒరగడం గురించి మీ భయం నిజమే, కానీ రాయి పడేదాకానే. 18 చదరపు అడుగుల గ్రానైట్, 20 మి.మీ. మందంతో 90 కిలోల దగ్గర తూగుతుంది. అది కూర్చున్నాక కదలదు. ఖాళీ బాక్సులకి సొరుగులు బిగించి మూడూ లాగి చూపిస్తే మాత్రం ముందుకి పడుతుంది. బాక్సులన్నీ ఒకదానికొకటి, సొరుగుల వీపుకి వెనక అరల వీపు కలిపి స్క్రూలు వేయించండి. స్కర్టింగ్ (కాళ్లని కప్పే అడుగు పట్టీ) లోపల నాలుగు మూలలా ఎల్ ఆకారపు లోహపు క్లాంపులు బాక్సుకి స్క్రూతో, టైల్‌కి ఎపాక్సీ జిగురుతో అంటించమనండి. కరెంటు_గీత గారు చెప్పిన స్లాబు సంగతి తేలేదాకా నేలలోకి డ్రిల్ దించొద్దు.