ఊపిరితిత్తి కణాల నుంచి ఇ-క్యాడ్‌హెరిన్ తెగిపడుతోందని ఎలా నిర్ధారించాలి?

నమస్కారం. నేను విశాఖపట్నంలో పరిశోధక విద్యార్థినిని. పాత నగరంలో కిటికీ ఊచలపై పేరుకునే నల్లటి ధూళిని ప్రయోగశాలలో పెంచే ఏ549 అనే మానవ ఊపిరితిత్తి కణాలకు కలిపి, కణాలు ఒకదానినొకటి పట్టుకుని ఉండేందుకు తోడ్పడే ఇ-క్యాడ్‌హెరిన్ ఏమవుతుందో పరిశీలిస్తున్నాను. ఆడమ్10 అనే ఎంజైము ఈ 120 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ను కోసినప్పుడు సుమారు 80 కిలోడాల్టన్ల బయటి భాగం కణాలు పెరిగే ద్రవ మాధ్యమంలోకి విడుదలై, 38 కిలోడాల్టన్ల శేషం కణత్వచంలోనే మిగులుతుందనీ, దానివల్ల గాలిగదుల లోపలి పొర బిగువు సడలవచ్చనీ చదివాను.

ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో మాధ్యమం నమూనాకు 80 దగ్గర బ్యాండ్ స్పష్టంగానే వస్తోంది గానీ, లోపలి చివరను గుర్తించే యాంటీబాడీ వాడినా కణాల నమూనాలో 38 దగ్గర ఏమీ కనిపించడం లేదు. గామా సెక్రిటేజ్ అనే మరో ఎంజైము ఆ శేషాన్ని వెంటనే మళ్లీ కోసేస్తోందా, లేక చనిపోయిన కణాల నుంచి కారిన ప్రోటీన్ మాధ్యమంలో ముక్కలవుతోందా? దెబ్బతిన్న కణాల నుంచి కారే ఎంజైమును కొలిచే ఎల్‌డీహెచ్ పరీక్షలో కణమరణం కొంత పెరిగినట్లు తేలినందువల్ల రెండో అనుమానాన్ని కొట్టిపారేయలేకపోతున్నాను. (మాధ్యమంలో సీరం లేదు కాబట్టి సీరం ప్రోటీన్ల కల్తీ భయం లేదు.)

జీఐ254023ఎక్స్‌తో ఆడమ్10ను, డాప్ట్‌తో గామా సెక్రిటేజ్‌ను విడివిడిగా నిరోధించి చూడాలనుకుంటున్నాను. వీటిని ధూళి కంటే ఎంత ముందుగా కలపాలో, ధూళి రేణువులకే ప్రోటీన్ అంటుకుపోయి లెక్క తప్పకుండా ఏం చేయాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.