షార్ట్ ఫిల్మ్ ముందు యూట్యూబ్‌లో పెట్టాలా, ఫెస్టివల్స్‌కి పంపాలా?

బెజవాడ బ్యాచ్:
మాది ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. పద్నాలుగు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. కెమెరా చేసినవాడు వెంటనే యూట్యూబ్‌లో పెట్టేద్దాం అంటున్నాడు. నాకేమో ఫెస్టివల్స్‌కి పంపి, ఒక్క అవార్డయినా వచ్చాకే జనానికి చూపించాలని ఉంది. దీని మీద మా ఇద్దరికీ మాటలు కూడా తగ్గిపోయాయి. మీరేమంటారు?

గోదారి గట్టు:
పెట్టేయ్ తమ్ముడూ. తెలుగులో షార్ట్ ఫిల్మ్‌కి విలువ తెచ్చిందే యూట్యూబ్. సుజీత్ షార్ట్ ఫిల్ములు తీసి తీసి 2014లో సినిమా డైరెక్టరయ్యాడు. ప్రొడ్యూసర్ ఆఫీసులో సర్టిఫికెట్ ఎవరూ అడగరు, లింక్ పంపమంటారు.

సంధ్య:
తొందరపడకు బాబూ. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ విభాగంలో, అర్హత రాకముందే మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టిన సినిమాను తీసుకోరు. తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని పట్టుబట్టే ఫెస్టివల్స్ కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ ఉన్న ప్రైవేట్ లింక్ పంపితే సెలెక్షన్ వాళ్ళు చూస్తారు. యూట్యూబ్ ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థి చిదానంద నాయక్ ఒక ముసలమ్మ కోడిపుంజును ఎత్తుకుపోతే ఊరికి తెల్లవారకపోవడం అనే కన్నడ జానపద కథ తీసుకుని, 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో విద్యార్థుల విభాగం 'లా సినెఫ్' మొదటి బహుమతి గెలిచాడు. మన పల్లె కథకి కూడా అక్కడ చోటుంది.

గోదారి గట్టు:
అక్కా, ఆ విభాగం ఫిల్మ్ స్కూల్ పిల్లలకి. ఇంజనీరింగ్ కుర్రాడికి అందులో ఎంట్రీయే లేదు కదా.

సంధ్య:
నిజమే. కానీ కేరళలో, బెంగళూరులో మంచి షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్స్ ఉన్నాయి, ఫిల్మ్ స్కూల్ పేరు లేనివాళ్ళూ పంపొచ్చు. తరుణ్ భాస్కర్, రీతూ వర్మ కలిసి చేసిన 'అనుకోకుండా' కూడా హైదరాబాద్‌లో 48 గంటల్లో సినిమా తీసే పోటీ కోసం చేసిందే. ఆ తర్వాతే 2016లో 'పెళ్ళిచూపులు' వచ్చింది. పోటీల దారి మనవాళ్ళకి కొత్తేం కాదు.

ఎడిట్ రూమ్:
మీ ఇద్దరూ వదిలేసిన అసలు ప్రమాదం ఇంకోటుంది. నెలనెలా అవార్డులిచ్చే ఆన్‌లైన్ ఫెస్టివల్స్. ఫీజు కడితే చాలు, 'ఉత్తమ తొలి చిత్రం', 'ఉత్తమ విద్యార్థి చిత్రం' అని మెయిల్ వస్తుంది, ట్రోఫీకి మళ్ళీ డబ్బు అడుగుతారు. ఫెస్టివల్‌లో ఎంపికైందనో, అవార్డొచ్చిందనో పోస్టర్ మీద వేసుకునే ఆకుల గుర్తులు పది అతికించుకున్న సినిమాలు నా దగ్గరికి వస్తుంటాయి, వాటిలో కొన్ని ఒక్క హాల్లో కూడా ఆడలేదు. ఇంట్లో పాకెట్ మనీ అడిగి ఫీజులు కట్టే పిల్లల్ని ఇలా దోచుకోవడం నాకు కడుపు మండుతుంది. పంపేముందు మూడు చూడు: ఏ హాల్లో వేస్తారు, జ్యూరీలో ఎవరున్నారు, పోయినేడు ఎంపికైన సినిమాలేవి. ఇవి సైట్‌లో లేకపోతే పైసా కట్టకు.

ఇంకో మాట. బ్యాక్‌గ్రౌండ్‌లో సినిమా పాట ఏదైనా వాడి ఉంటే ముందు తీసెయ్. హక్కుల కాగితం లేకపోతే ఫెస్టివల్‌లోనూ చిక్కే, యూట్యూబ్‌లోనూ చిక్కే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తెలిసినవాళ్ళతో రాయించు, మెషిన్ అనువాదంలో మన వెటకారం చచ్చిపోతుంది.

బెజవాడ బ్యాచ్:
ఒక పాట బిట్ ఉందండి, చాయ్ బండి సీన్‌లో. తీసేస్తాం. మరి కెమెరా వాడికి ఏం చెప్పాలి? వాడికి పని దొరకాలంటే ఈ సినిమా చూపించాలి.

గోదారి గట్టు:
చూశారా, నేననేది అదే! ఫ్రీగా పనిచేసినవాళ్ళ కష్టాన్ని డైరెక్టర్ అవార్డు కోసం ఏడాది పాటు దాచడం న్యాయం కాదు.

సంధ్య:
దాచక్కర్లేదు. వాడి షాట్లతో చిన్న షోరీల్ కట్ చేసివ్వు, ట్రైలర్ బయటపెట్టు. వీటిని ఫెస్టివల్స్ సాధారణంగా పట్టించుకోవు. ముందు ఇద్దరూ కూర్చుని ఒక తేదీ రాసుకోండి. అప్పటిదాకా ఎక్కడా ఎంపిక కాకపోతే ఆ రోజే యూట్యూబ్‌లో పెట్టేయండి.