పాత మిడ్ సెంచురీ ఫర్నిచర్ కొని అమ్మడం: డాలస్ సైడ్ గిట్టుబాటు అవుతుందా?

ఫ్రిస్కో నుంచి ప్రశ్న

అందరికీ నమస్తే అండి. పిల్లలు ఇద్దరూ స్కూల్‌కి వెళ్ళడం మొదలయ్యాక పగలంతా ఖాళీగానే ఉంటున్నాను, నాకు హెచ్‌ఫోర్ ఈఏడీ (హెచ్‌వన్‌బీ వాళ్ళ భార్యాభర్తలకిచ్చే వర్క్ పర్మిట్) ఉంది. మా పక్కింటి అమెరికన్ ఆవిడ పాత డ్రెస్సర్లు, సైడ్ టేబుళ్ళు కొనుక్కొచ్చి గ్యారేజ్‌లో తుడిచి పాలిష్ పెట్టి అమ్ముతుంటుంది, అవి 1950, 60ల నాటివి అంట, మిడ్ సెంచురీ అంటారంట, సన్నగా ఏటవాలు కాళ్ళతో ఉంటాయి చూడండి అలాంటివి. నాకూ చేయాలనిపిస్తోంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చూస్తే ఒకే రకం టేబుల్ ఒకళ్ళు 60 డాలర్లు అంటారు ఇంకొకళ్ళు 900 అంటారు. ఏది నిజం రేటు? ఏది కొనాలి, ఎక్కడ దొరుకుతాయి? టాక్స్ గొడవ ఏమన్నా ఉంటుందా? మా ఆయన అయితే "గ్యారేజ్ నిండా తుక్కు నింపుతావు" అంటున్నారు, అది వేరే సంగతి.

రిచర్డ్‌సన్ నుంచి

మీ ఆయన భయం కరెక్టేనండి, ఈ పనిలో గ్యారేజ్ నిండాక ఆపేసినవాళ్ళే ఎక్కువ. లాభం అమ్మేటప్పుడు రాదు, కొనేటప్పుడే వస్తుంది, అదీ రిపేర్ అక్కర్లేని వస్తువు కొన్నప్పుడే. మురికిగా ఉండాలి కానీ గట్టిగా ఉండాలి. దుమ్ము, జిడ్డు, పాత మైనం, సాలెగూడు ఇవన్నీ ఒక పూటలో పోతాయి. విరిగిన కాలు, పైకి లేచిన వెనీర్ (పైన అతికించిన పలచటి చెక్క పొర), మిస్సయిన హ్యాండిల్ ఇవి మాత్రం మీ శనాదివారాలు తినేస్తాయి, హ్యాండిల్ ఒక్కటి దొరక్కపోతే మొత్తం సెట్ మార్చాలి, మార్చితే ఒరిజినల్ అని చెప్పుకోడానికి ఉండదు.

ఎక్కడ అంటే, ముందు ఫ్రిస్కోలో వెతకడం మానేయండి. అక్కడ ఇళ్ళే కొత్తవి, ఇంటితో పాటు సామానూ కొత్తదే. 50లు 60లలో కట్టిన ఇళ్ళున్న పాత ఏరియాలు చూడాలి, మా రిచర్డ్‌సన్ పాత భాగం, గార్లాండ్, ఫార్మర్స్ బ్రాంచ్, లేక్ హైలాండ్స్, ఓక్ క్లిఫ్. అప్పుడు కొత్త కాపురం పెట్టినవాళ్ళు అదే ఇంట్లో ముసలివాళ్ళయి ఉంటారు, పెద్దవాళ్ళు పోయాకో వృద్ధాశ్రమానికి మారాకో పిల్లలు ఎస్టేట్ సేల్ (ఇంట్లోనే సామానంతా అమ్మేయడం) పెడతారు. ఎస్టేట్‌సేల్స్ డాట్ నెట్‌లో మీ జిప్ కోడ్ ఇస్తే ఆ వారం సేల్స్ అన్నీ ఫోటోలతో వస్తాయి. మొదటిరోజు పొద్దున్నే డీలర్లు లైన్ కడతారు, వాళ్ళతో పోటీ పడక్కర్లేదు. చాలా సేల్స్‌లో చివరిరోజు సగం రేటుకి దించుతారు, పెద్ద సామాను ఎవరూ మోసుకుపోలేక అలాగే మిగిలిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం మూసేసే టైమ్‌కి వెళ్ళి మర్యాదగా అడిగితే అక్కడ నడిపేవాళ్ళకీ ఇల్లు ఖాళీ చేయాలనే ఉంటుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది.

మార్కెట్‌ప్లేస్‌లో అయితే "మిడ్ సెంచురీ" అని వెతకొద్దు. ఆ మాట తెలిసినవాడికి రేటు కూడా తెలుసు. "ఓల్డ్ డ్రెస్సర్", "గ్రాండ్మా ఫర్నిచర్", "వుడ్ కన్సోల్" అని కొట్టండి, క్రెడెంజా (పొడుగాటి పొట్టి అల్మరా) స్పెల్లింగ్ తప్పు రాసినవి కూడా చూడండి. హాబిటాట్ రీస్టోర్ అని విరాళంగా వచ్చిన సామాను అమ్మే షాపులు వారానికోసారి ఒక చుట్టు వేయండి. క్యాంటన్ ఫస్ట్ మండే అని డాలస్‌కి తూర్పున గంట దూరంలో పెద్ద సంత జరుగుతుంది, నెలలో మొదటి సోమవారానికి ముందు గురువారం నుంచి ఆదివారం దాకా. అది కళ్ళకి అలవాటు కావడానికి మంచిది, కొనడానికి అంత కాదు. రౌండ్ టాప్ అనే పాత వస్తువుల సంత గురించి ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి, అక్కడ కొనేవాళ్ళు ఇంటీరియర్ డిజైనర్లు, మన బేరాలు అక్కడ సాగవు.

రేట్ల సంగతి. చైరిష్, ఫస్ట్‌డిబ్స్ సైట్లలో కనిపించేది అడిగే రేటు, అమ్ముడైన రేటు కాదు. ఈబేలో "సోల్డ్ ఐటమ్స్" ఫిల్టర్ పెట్టి చూడండి, అదే నిజం. అందులోనూ షిప్పింగ్‌తో వెళ్ళిన చిన్నవాటి రేటు వేరు, డాలస్‌లో ఇంటికొచ్చి పట్టుకెళ్ళే డ్రెస్సర్ రేటు వేరు. నా లెక్క ఏంటంటే మన ఊళ్ళో నిజంగా వచ్చే రేటులో మూడో వంతు దాటి పెట్టను. 360 వస్తుందనుకుంటే 120కి మించి కొనను, ఎందుకంటే మిగతాదాంట్లోంచి పెట్రోలు, వ్యాను, మైనం, బేరంలో తగ్గించేది, టాక్సు అన్నీ పోవాలి.

ఫ్రిస్కో నుంచి

చాలా థాంక్స్ అన్నగారు. మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? వెనీర్ అంటే డూప్లికేట్ అనే కదా, మన దగ్గర అంతా టేకు అసలు చెక్క చూసినవాళ్ళం.

రిచర్డ్‌సన్ నుంచి

అక్కడే చాలామంది పొరబడతారండి. ఆ కాలం మంచి కంపెనీలు కూడా వాల్‌నట్ వెనీరే వాడాయి, వెనీర్ అంటే తక్కువరకం అని కాదు. తక్కువరకం ఏంటంటే ప్లాస్టిక్ లామినేట్ మీద చెక్క గీతలు ప్రింట్ చేసినవి. వేలితో అంచు తడమండి, చెక్క గీతలు అంచు దాటి పక్కకి ఎలా వెళ్తున్నాయో చూడండి, ఒకే డిజైన్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది ప్రింట్. కాకపోతే ఆ రోజుల్లోనే కొన్ని మంచి బ్రాండ్లు బల్ల పైభాగానికి మాత్రం లామినేట్ వేశాయి, వేడి గిన్నెలు పెట్టినా పాడవకూడదని. అలాంటివి కొనొచ్చు, దాన్ని గీకకూడదు అంతే.

సొరుగు బయటికి లాగి మూలలు చూడండి, డవ్‌టైల్ జాయింట్ (చెక్క పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగినట్టు) ఉందా లేక మేకులు కొట్టారా. సొరుగు లోపల, వెనకవైపు, అడుగున స్టాంప్ వెతకండి, ఫోన్ టార్చి వేసుకుని బల్ల కింద పడుకోడానికి సిగ్గుపడొద్దు. మొదట్లో కొన్ని పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు: లేన్ కంపెనీ అక్లెయిమ్ లైను (పైన రెండు రంగుల చెక్క వేళ్ళు అల్లుకున్నట్టు జాయింట్ ఉంటుంది), బ్రాయ్‌హిల్ బ్రసీలియా (బ్రెజిల్ కొత్త రాజధానిలో ఆర్కిటెక్ట్ ఆస్కార్ నీమేయర్ కట్టిన బిల్డింగుల వంపులు చూసి చేశారు, 1962 సియాటిల్ ఎగ్జిబిషన్‌లో పెట్టారు), డ్రెక్సెల్ డిక్లరేషన్, హేవుడ్ వేక్‌ఫీల్డ్ (ఇది తేనెరంగులో ఉండే లేత చెక్క, దీనికి విడిగా పిచ్చోళ్ళున్నారు). డానిష్ వాటికి "డానిష్ ఫర్నిచర్‌మేకర్స్ కంట్రోల్" గుండ్రటి ముద్ర ఉంటే వదలొద్దు. ఈమ్స్ లౌంజ్ చైర్ అని ఎవరైనా చవగ్గా చెప్తే నమ్మొద్దు, 1956లో హెర్మన్ మిల్లర్ తెచ్చినప్పటినుంచి దానికి కాపీలు వస్తూనే ఉన్నాయి, ప్లైక్రాఫ్ట్ లాంటివాళ్ళ కాపీలు కూడా ఇప్పుడు పాతవే కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

లేన్ వాటిలో ఒక చిన్న సరదా, అడుగున సీరియల్ నంబర్ ఉంటుంది, దాన్ని వెనకనుంచి చదివితే తయారైన తేదీ.

సోఫాలు మాత్రం మొదట్లో ముట్టుకోకండి. నల్లులు వస్తే మీ ఇల్లు కూడా పోతుంది, పైగా గుడ్డ మార్పిస్తే సోఫా రేటు కన్నా ఆ కూలీ ఎక్కువ.

ప్లానో నుంచి

అక్కా టాక్స్, వీసా విషయం నేను చెప్తా. హెచ్‌ఫోర్ ఈఏడీ మీద సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు. కానీ హెచ్‌వన్‌బీ మీద ఉన్న మీ ఆయన ఇందులో చెయ్యి పెట్టకూడదు, లిస్టింగ్ ఆయన అకౌంట్ నుంచి పెట్టడం, డబ్బులు ఆయన జెల్‌కి (బ్యాంక్ యాప్‌లో డబ్బు పంపుకునేది) రావడం ఇవేవీ వద్దు. ఇంట్లో వాడుకున్న సోఫా అమ్ముకోవడం వేరు, అమ్మడానికే కొనడం వేరు, రెండోది పని కిందకి వస్తుంది. ఇది చదువుతున్న ఎఫ్‌వన్ స్టూడెంట్స్‌కి కూడా అదే మాట, దయచేసి రిస్క్ తీసుకోకండి. ఈఏడీ కార్డు డేట్ అయిపోయి కొత్తది రాకపోతే ఆ మధ్యలో ఆపేయాలి. మీ కేసులో ఏదన్నా తిరకాసు ఉంటే లాయర్‌ని ఒకసారి అడగండి.

టెక్సాస్‌లో సేల్స్ టాక్స్ పర్మిట్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల ఆఫీసు) దగ్గర ఫ్రీగానే ఇస్తారు. స్టేట్ 6.25 శాతం, లోకల్ కలిపితే గరిష్ఠంగా 8.25. ఈబే, ఎట్సీలో అమ్మితే వాళ్ళే వసూలు చేసి కట్టేస్తారు, ఇంటికొచ్చి క్యాష్ ఇచ్చి పట్టుకెళ్ళేవాళ్ళ దగ్గర మాత్రం మీరే వసూలు చేయాలి. పర్మిట్ ఉంటే రీసేల్ సర్టిఫికెట్ చూపించి షాపుల్లో టాక్స్ లేకుండా కొనొచ్చు. ఫెడరల్‌లో షెడ్యూల్ సీ (సొంత వ్యాపారం లాభనష్టాల ఫారం) నింపాలి, ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు దాటితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం పడుతుంది. 1099కే ఫారం (అమ్మకాల డబ్బు ఎంత వచ్చిందో సైట్లు పంపేది) 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటితేనే వస్తుంది, అది రాలేదు కాబట్టి చెప్పక్కర్లేదు అనుకునేవాళ్ళు ఉన్నారు, చెప్పాలి. మైళ్ళు మొదటిరోజు నుంచే రాసుకోండి, 2025కి మైలుకి 70 సెంట్ల లెక్కన ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, ఈ పనిలో తిరుగుడే ఎక్కువ కాబట్టి అదే పెద్ద మొత్తం అవుతుంది.

హ్యూస్టన్ నుంచి

బండి ఏంటండి మీది? టయోటా సియెన్నా 2021 తర్వాతది అయితే మధ్య సీట్లు ఊడదీయడం కుదరదు, హోండా ఒడిస్సీ అయితే వస్తాయి. కొనడానికి వెళ్ళేముందే టేప్‌తో బండి లోపల కొలుచుకుని ఫోన్‌లో రాసి పెట్టుకోండి. తొమ్మిది సొరుగుల డ్రెస్సర్ దాదాపు ఆరడుగులు ఉంటుంది, సొరుగులు తీసేస్తే బరువు బాగా తగ్గుతుంది, సొరుగుల వెనక నంబర్లు టేపు మీద రాసి అంటించండి, ఎందుకంటే పాతవాటిలో ఏ సొరుగైనా దాని గూట్లోనే సరిగ్గా పడుతుంది.

ఫ్రిస్కో నుంచి

ఒడిస్సీనే అండి, బతికాం. మరి పాలిష్ ఎలా? యూట్యూబ్‌లో అందరూ మెషిన్‌తో శాండింగ్ చేసేస్తున్నారు.

రిచర్డ్‌సన్ నుంచి

వెనీర్ కాగితమంత పలచగా ఉంటుంది, మెషిన్ పెడితే క్షణంలో కింద చెక్క బయటపడుతుంది, అది ఇంక అతకదు. ముందు మినరల్ స్పిరిట్స్‌తో (పెయింట్ పలచన చేసే ద్రవం) గుడ్డ పెట్టి తుడవండి, సగం వస్తువులకి అదే చాలు. ఇంకా గీతలు ఉంటే నాలుగు సున్నాల (చాలా మెత్తటి) స్టీల్ ఊల్‌తో వాల్‌నట్ రంగు రెస్టోర్ ఎ ఫినిష్ అనే ద్రవం చెక్క గీతల వెంబడే రుద్ది, ఆరాక మైనం. తెల్ల రింగు అంటే తేమ పైపూతలోనే ఉంది, తేలిగ్గా పోతుంది. నల్ల రింగు అంటే నీళ్ళు చెక్కలోకి దిగాయి, పాత పూత తీసి మరక పోగొట్టే ఆక్సాలిక్ యాసిడ్ పెట్టాలి, రేటు మాట్లాడేటప్పుడే ఈ తేడా చూసుకోండి. సొరుగు పట్టేస్తుంటే కింద పట్టాలకి కొవ్వొత్తి రుద్దండి. సిగరెట్ వాసన ఉంటే సొరుగుల లోపల షెల్లాక్ (లక్క వార్నిష్) ఒక పూత. వాల్‌నట్ మీద తెల్ల పెయింట్ మాత్రం వేయొద్దు, చేతులెత్తి దండం పెడుతున్నా. ఎవరో ముందే పెయింట్ వేసినది అయితే 1978కి ముందు పెయింట్లలో సీసం ఉండొచ్చు, పిల్లలున్న ఇల్లు కాబట్టి అలాంటివి గీకొద్దు, కొననే వద్దు.

ముఖ్యంగా ఇంకోటి. డానిష్ ఆయిల్, లిన్సీడ్ ఆయిల్ వాడిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మన టెక్సాస్ గ్యారేజ్ ఎండాకాలంలో ఎలా ఉంటుందో తెలుసుగా. బయట కాంక్రీట్ మీద విడివిడిగా పరిచి పూర్తిగా గట్టిపడ్డాక పారేయండి.

హ్యూస్టన్ నుంచి

లేన్ సీడార్ చెస్టులు ఎస్టేట్ సేల్స్‌లో తెగ దొరుకుతాయి, మన భోషాణాల్లాగా ఉంటాయి. వాటితో జాగ్రత్త. పాతవాటికి మూత వేయగానే దానంతట అదే లాక్ పడిపోతుంది, లోపల్నుంచి తెరుచుకోదు, పిల్లలు దాక్కుని ఊపిరాడక చనిపోయిన ఘటనలున్నాయి. 1912 నుంచి 1987 మధ్య చేసినవాటికి 1996లో రీకాల్ ఇచ్చారు, కోటీ ఇరవై లక్షల పెట్టెలు. లాక్ మార్చకుండా అమ్మడం చట్టం ఒప్పుకోదు. తెచ్చిన రోజే ఆ లాక్ ఊడదీసేయండి. పొడుగు డ్రెస్సర్లు కొన్నవాళ్ళకి గోడకి బిగించే స్ట్రాప్ కూడా ఇచ్చేయండి, పది డాలర్ల లోపే.

హైదరాబాద్ నుంచి

అన్నా గీ దందా మన దగ్గర నడుస్తదా? జుమ్మెరాత్ బజార్ల పాత కుర్చీలు మస్తు కనిపిస్తయి.

రిచర్డ్‌సన్ నుంచి

పాత టేకుకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది తమ్ముడూ, కానీ అక్కడ కొనేవాళ్ళు చెక్క చూసి కొంటారు, డిజైన్ చూసి కొనేవాళ్ళు తక్కువ. చండీగఢ్ ఆఫీసు కుర్చీలు, ఆ ఊరు కట్టినప్పటి ఆర్కిటెక్ట్ పియర్ జానరే చేసినవి, ఎవరైనా చూపిస్తే దూరంగా ఉండు. అవి ఫారిన్ వేలాల్లో లక్షలు పలుకుతున్నాయని 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకం మీద, ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది, దొంగ కాపీలూ ఎక్కువే. రోజ్‌వుడ్ దేశం దాటించాలంటే సైటీస్ (అంతరించిపోయే చెట్లు, జంతువుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) పేపర్లు కావాలి.

ప్లానో నుంచి

అక్కా ఇంకో మాట, అమ్మేటప్పుడు "జెల్‌లో 500 ఎక్కువ పంపాను, బిజినెస్ అకౌంట్‌కి మారాలంట, మిగతాది వెనక్కి పంపు" అంటే బ్లాక్ చేసేయండి. ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పమన్నా అంతే. మీ బ్యాంక్ యాప్ తెరిచి డబ్బు పడిందో లేదో చూశాకే వస్తువు బండెక్కనివ్వండి.

ఫ్రిస్కో నుంచి

ఇప్పుడే గార్లాండ్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో ఉన్నానండి, చివరిరోజు. రెండు రంగుల చెక్క జాయింట్ ఉన్న సైడ్ టేబుల్, ట్యాగ్ 90, ఈరోజు సగం. కింద 065150 అని ఉంది. పైన గ్లాసు పెట్టిన తెల్ల మచ్చ ఒకటి, కాలు ఒకటి కొంచెం ఊగుతోంది. ఏం చేయను?

రిచర్డ్‌సన్ నుంచి

వెనకనుంచి 051560, అంటే 1960 మే 15. కాలు జాయింట్ దగ్గర పట్టుకుని ఊపండి, చెక్క చీలి ఉంటే వదిలేయండి, జిగురు వదులైతే వుడ్ గ్లూ, క్లాంపు ఒక రాత్రి. చీలిక లేకపోతే 45 ఇచ్చి పట్టుకొచ్చేయండి. జోడీ రెండో టేబుల్ ఇంట్లో ఎక్కడైనా ఉందేమో, బెడ్‌రూముల్లో కూడా చూసి రండి.