పాల్ టీవీ మీద పాత ఆటలు: రంగు వదులుకోవాలా, వేగం వదులుకోవాలా?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

మా నాన్నగారు 1998లో కొన్న 21 అంగుళాల కలర్ టీవీకి రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటరు బోర్డు తగిలించి, రెట్రోపై అనే సాఫ్ట్‌వేరులో పాత కార్ట్రిడ్జ్ ఆటలు ఆడాలని పది రోజులుగా ప్రయత్నిస్తున్నాను. మొదటి నాలుగు రోజులు బొమ్మే రాలేదు. తెర మీద చారలు, స్పీకరులో గుర్రుమని మోత. బోర్డు కాలిపోయిందనే అనుకున్నాను. చివరికి మల్టీమీటరును బీప్ మీద పెట్టి, కేబులు పిన్నును వేళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కొక్క వలయానికీ ప్రోబు ఆనిస్తే సంగతి తెలిసింది. రాస్ప్‌బెర్రీ పై ఏవీ జాక్‌లో పిన్ను కొన నుంచి లెక్కపెడితే ఎడమ శబ్దం, కుడి శబ్దం, గ్రౌండు, వీడియో అనే వరుస ఉంటుంది. నేను కొన్న హ్యాండీక్యామ్ కేబులులో మూడోది వీడియో, నాలుగోది గ్రౌండు. పసుపు, ఎరుపు, తెలుపు ప్లగ్గులను ఎటు మార్చి పెట్టినా బాగుపడకపోవడానికి కారణం, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న గ్రౌండే తప్పు చోట ఉండడం.

సరైన కేబులు వేశాక బొమ్మ నిలకడగా వచ్చింది కానీ నలుపు తెలుపుల్లో వచ్చింది. కాన్ఫిగ్ ఫైలులో, టీవీకి ఏ రకం సంకేతం పంపాలో చెప్పే ఎస్‌డీటీవీ మోడ్‌ను 18 (మన దేశపు పాల్ పద్ధతి, 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 తడవలు) చేస్తే రంగు వచ్చింది, ఆట మాత్రం నెమ్మదించింది. 16 (అమెరికా, జపానుల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 60 హెర్ట్జ్) చేస్తే వేగం తిరిగి వచ్చింది, రంగు పోయింది. ఇలాంటి టీవీ ఉన్నవారు ఏది వదులుకున్నారో, ఎందుకో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

టవర్‌క్లాక్ (అనంతపురం):

టీవీల మరమ్మతు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా ముందు కారణం చెబుతాను. మనం ఏమీ చెప్పకపోతే రాస్ప్‌బెర్రీ పై పంపేది ఎన్‌టీఎస్‌సీ సంకేతం. అందులో రంగు 3.58 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. 1982లో, ఆసియా క్రీడల ఏడాది, దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పటి నుంచి మనది పాల్ కాబట్టి మన సెట్లు 4.43 మెగాహెర్ట్జ్ కోసం చూస్తాయి. ప్రతి గీత మొదట్లో రంగు బర్స్టు అనే చిన్న తునక ఉంటుంది. అది తనకు తెలిసిన ఫ్రీక్వెన్సీలో లేకపోతే, తప్పుడు రంగులు చూపడం కంటే అసలు చూపకపోవడమే మేలని డీకోడరు రంగును ఆపేస్తుంది. దీన్నే కలర్ కిల్లర్ అంటాం. అంటే మీ టీవీ చెడిపోలేదు, తన పని తాను సరిగ్గా చేస్తోంది.

నా మాట 18 వైపే. మనం చిన్నప్పుడు సెలవుల్లో ఆడిన నకలు ఆట యంత్రాల్లో పాల్ టీవీకి తయారైనవి 50 హెర్ట్జ్‌లోనే నడిచేవి. ఆ సంగీతం మన చెవుల్లో నిలిచింది ఆ వేగంతోనే. ఎక్కడో జపానులో ఎలా నడిచిందన్నది మన జ్ఞాపకానికి కొలబద్ద కాదు.

తుంగభద్ర (కర్నూలు):

టవర్‌క్లాక్ గారు చెప్పిన కారణంతో ఏకీభవిస్తాను, ముగింపుతో కాదు. 50 హెర్ట్జ్‌కు తయారైన యంత్రం 50లో నడవడం వేరు, 60కి తయారైన ఆటను ఎమ్యులేటరులో (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరులో) వేసి 50 హెర్ట్జ్ తెర మీదికి నెట్టడం వేరు. ఎమ్యులేటరు తెరతో అడుగు కలిపి నడిస్తే ఆట ఆరింట ఐదు వంతుల వేగానికి పడిపోయి శబ్దం తెగుతుంది. తెరను పట్టించుకోకుండా తన వేగంతో నడిస్తే ప్రతి ఆరో ఫ్రేము తెరకు చేరదు. మనిషి పరుగెత్తే ఆటలో వెనక ఉన్న కొండలను గమనించండి, సెకనుకు పదిసార్లు చిన్నగా గెంతుతాయి. ఒకసారి కంటికి ఆనిందంటే ఇక అదే కనబడుతుంది. దూకవలసిన క్షణం తప్పిపోయే ఆట ఎంత రంగుల్లో ఉంటే ఏం లాభం? నేను 16లో, నలుపు తెలుపుల్లోనే ఆడతాను.

హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న డబ్బా కొనమని ఎవరైనా చెప్పేలోపే ఒక మాట. నేను వాడిన డబ్బా బొమ్మను కుదించి, అల్లిక గీతలుగానే (ఒక తడవ సరి గీతలు, ఒక తడవ బేసి గీతలుగా) పంపింది; మీట నొక్కడానికీ మనిషి దూకడానికీ మధ్య ఆలస్యం చేతికి తెలిసింది. సొంత జాక్ ఉన్న బోర్డుకు అది అనవసరం.

టవర్‌క్లాక్ (అనంతపురం):

ఫ్రేము గెంతు నిజమే, దానిని నేను తక్కువ చేసి చూశాను. కానీ 60 హెర్ట్జ్ అందరి సెట్లూ నిలుపుకోలేవు. కొన్నింటిలో బొమ్మ పైకి దొర్లుతూనే ఉంటుంది. అప్పుడు వెనక మూత తీసి వర్టికల్ హోల్డ్ తిప్పుదామని ఎవరూ పూనుకోవద్దు. కలర్ పిక్చర్ ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంత నిలిచి ఉంటుంది. ఏవీ సాకెట్టు లేని పాత సెట్లలో చాసిస్ నేరుగా కరెంటుతోనే కలిసి ఉండవచ్చు కనుక, వాటికి సొంతంగా సాకెట్టు అతికించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంకొక దారి ఉంది, దాన్ని మొదటే చెప్పవలసింది. పాల్ 60 అనే పద్ధతిలో వేగం 60 హెర్ట్జే ఉంటుంది, రంగు మాత్రం పాల్‌దే, 4.43 మీదే వస్తుంది. బొమ్మ దొర్లకుండా నిలిచే సెట్టయితే కలర్ కిల్లర్‌కు పని పడదు. ఎస్‌డీటీవీ మోడ్ అంకెల్లో ఇది లేదు. కొత్త రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లోని కేఎంఎస్ అనే వీడియో డ్రైవరులో ఉంది. కాన్ఫిగ్ ఫైలులో కేఎంఎస్ వరుస చివర ‘కాంపోజిట్’ అని చేర్చి, సీఎండీలైన్ ఫైలులో టీవీ నార్మ్‌ను ‘పాల్60’గా, వీడియోను 720 × 480, 60 హెర్ట్జ్‌గా రాయాలి. హాట్‌ప్లగ్‌ను బలవంతం చేసే (హెచ్‌డీఎంఐ తెర తగిలించి ఉన్నట్టే అనుకోమనే) హెచ్‌డీఎంఐ వరుస ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేయండి, అది ఉంటే ఏవీకి సంకేతం రాకపోవచ్చు.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):

నిన్న రాత్రి వేరే మెమరీ కార్డులో కొత్త ఓఎస్ వేసి చూశాను. బొమ్మ ఒక్కసారి పైకి దొర్లి ఆగింది. రంగు వచ్చింది, వేగమూ వచ్చింది. నిలువుగా కొద్దిగా కుదించుకుపోయినట్టుంది కానీ కంటికి ఇబ్బందిగా లేదు.

అయితే ఇది 480 గీతల అల్లిక బొమ్మ. ఒక తడవ సరి గీతలు, ఒక తడవ బేసి గీతలు వస్తున్నందున స్కోరు అంకెల అడుగు గీత సన్నగా వణుకుతోంది. 16లోనూ 18లోనూ ఆ వణుకు లేదు. అసలు కార్ట్రిడ్జ్ యంత్రాల్లాగా గీతల మధ్య నల్లని సందులతో బొమ్మ కదలకుండా కూర్చునేది. కాబట్టి మూడింటిలోనూ ఏదో ఒకటి పోతూనే ఉంది: 18లో వేగం, 16లో రంగు, పాల్ 60లో నిలకడ.

తుంగభద్ర గారి 16ను మా ఇంట్లో ఒప్పుకోలేకపోయాను. ఒకే రంగు మాత్రలను వరుసలో పేర్చే ఆట పెడితే ఎరుపూ నీలమూ ఒకే బూడిద రంగులో కనిపించాయి. మా అమ్మాయి రెండు నిమిషాలు చూసి, ‘నాన్నా, ఏది ఏదో తెలియడం లేదు’ అని కంట్రోలరు కింద పెట్టేసింది. పరుగెత్తే ఆటలకు పాల్ 60 కార్డు, కూర్చుని ఆలోచించే ఆటలకు 18 కార్డు అని రెండింటి మీదా పేర్లు రాసి పెట్టుకున్నాను.

తుంగభద్ర (కర్నూలు):

మాత్రల ఆట సంగతి నాకు తట్టలేదు, ఆ ఒక్కదానికి మీ మాటే సరైనది. పరుగెత్తే ఆటలకు మాత్రం ఆ వణుకు కంటే నలుపు తెలుపే నయమని ఇప్పటికీ అంటాను. అదే ఆటను 16లోనూ పాల్ 60లోనూ చెరొక అరగంట ఆడి, కళ్లు ఎందులో ముందు అలసిపోయాయో ఇక్కడ రాయండి.