పిసినారి మాస్టారు: ఎంత వర్ణించినా మనిషి కనపడట్లేదు

కొత్తకలం:
కథ రాస్తున్నానండి. రిటైరైన హెడ్‌మాస్టరు, బాగా పిసినారి. మొదటి పేజీ అంతా ఆయన వర్ణనే: తెల్ల పంచె, అరిగిన చెప్పులు, జేబులో ఇంకుపెన్ను, ముక్కు మీదికి జారే కళ్లజోడు, గోడకి పాత క్యాలెండరు. చదివిన ఫ్రెండ్ "అన్నీ కనిపిస్తున్నాయి గానీ ఆయన కనిపించట్లేదు" అంది. వివరాలు ఇంకా పెంచాలా, తగ్గించాలా?

చదువరి:
చాలావరకు తీసెయ్యండి. ఇవన్నీ ఏ మాస్టారికైనా సరిపోతాయి, వీటిలో ఆయన చేసే పని ఒక్కటీ లేదు. ఇంటికొచ్చిన శుభలేఖల వెనకవైపు కత్తిరించి పాల లెక్క రాసుకుంటాడనుకోండి, ఇక పిసినారి అన్న మాట మీరు వాడక్కర్లేదు. రష్యన్ రచయిత చెహోవ్ 1899లో రాసిన కుక్కపిల్లావిడ కథలో, హోటల్ గదిలో ఆమె తప్పు చేశానని కుమిలిపోతుంటే, ఆమె ప్రియుడు గూరొవ్ బల్ల మీదున్న పుచ్చకాయ కోసుకుని తాపీగా తింటాడు, అరగంట మాటల్లేవు. అప్పటికి ఆమె అంటే అతనికి ఎంతో రచయిత వేరే చెప్పడు, నాకైతే ఆ కథలో ఎప్పటికీ గుర్తుండేది అదే.

గోదారిగట్టు:
మన కన్యాశుల్కం గిరీశాన్ని చూడండి. చుట్ట కాల్చేవాళ్లు ఆ రోజుల్లో ఊరినిండా ఉన్నారు. గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒలికిన చుక్కే పొగచెట్టయిందని పద్యం చదివి, తన చుట్టకి పురాణం నుంచి సాక్ష్యం తెచ్చుకునేది మాత్రం ఆయనే.
ఇంకోటి, మీ మాస్టారికి పిసినారితనానికి అడ్డొచ్చే పని కూడా ఒకటి ఇవ్వండి. తను అరిగిపోయిన సబ్బుముక్కతోనే స్నానం చేస్తాడు, మనవడు సెలవులకి వస్తే మాత్రం కొత్త సబ్బు విప్పుతాడు, దాని కాగితం వాసన పోకుండా బట్టల బీరువాలో దాస్తాడు. వట్టి పిసినారి అయితే రెండో పేజీకే పాఠకుడికి విసుగొస్తుంది.

కొత్తకలం:
సబ్బు చాలా నచ్చిందండీ! కానీ కథ చెప్పేది కోడలు, ఆవిడకి మామగారంటే కోపం. ఆవిడ నోటితో ఇది ఎలా చెప్పించను?

చదువరి:
చెప్పించొద్దు. పంచెలు సర్దుతుంటే ఆ కాగితం కింద పడనివ్వండి. ఆవిడ ఏమనుకుందో రాయకుండా, మళ్లీ మడతల మధ్య పెట్టిందా, చెత్తబుట్టలో వేసిందా అది రాయండి చాలు. ఏది రాస్తారో మీ కోడల్ని బట్టి ఉంటుంది, కాబట్టి ముందు ఆవిడ కోపం ఎంతటిదో మీరు తేల్చుకోవాలి.